బ్రోచర్‌లో "45 డెసిబెల్స్ మాత్రమే" అని రాశారు. పగలు పడుకునేవాళ్ల సంగతేంటి?

నైట్‌డ్యూటీ_నర్సు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. నేను ఐసీయూలో నైట్ డ్యూటీ చేస్తాను, పదకొండేళ్లుగా. పొద్దున ఎనిమిదిన్నరకి ఇల్లు చేరి, తొమ్మిదిన్నరకల్లా పడుకుని, మూడింటికి లేస్తాను. మాది పద్నాలుగో అంతస్తు, పడగ్గది వెనకవైపు. ముందు రోడ్డు ఎంత మోగినా ఆ గదిలోకి రాదనే ఈ ఫ్లాట్ తీసుకున్నాం.

పోయిన వారం మా బిల్డింగ్ వాట్సాప్ గ్రూపులో ఒక బ్రోచర్ తిరిగింది. మా వెనకున్న పార్కింగ్ మేడ మీద ముందు ముందు ఎయిర్ ట్యాక్సీలు, అంటే నిలువుగా ఎగిరి నిలువుగా దిగే చిన్న ఎలక్ట్రిక్ విమానాలు, దిగే చోటు కట్టాలని ఆలోచనట. వెర్టిపోర్ట్ అంటారట దాన్ని. "45 డెసిబెల్స్ మాత్రమే, ఇద్దరు మాట్లాడుకునే దానికన్నా తక్కువ" అని పెద్దక్షరాలు. గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. నేను ఒక్క ప్రశ్నార్థకం పెడితే "మీకన్నీ అనుమానాలే మేడమ్" అన్నారు.

నా అనుమానానికి కారణం ఉంది. మా హాస్పిటల్ డాబా మీద హెలిప్యాడ్ ఉంది. హెలికాప్టర్ వస్తున్నప్పుడు మొదట చెవికి తెలీదు. ట్రాలీ మీది స్టీలు కిడ్నీ ట్రే, అందులోని ఫోర్సెప్స్ సన్నగా గలగలమంటాయి. అప్పుడు కిటికీ అద్దం, ఆ తర్వాత మోత. మత్తులో ఉన్న పేషెంటుకి కూడా మానిటర్ మీద గుండె వేగం నాలుగు అంకెలు పైకి పాకడం చాలాసార్లు చూశాను. ఒక ప్రాణం కోసం వస్తోంది కదా, ఎవరం ఏమీ అనుకోం. అయినా నెలకి రెండుమూడు సార్లేగా. అదే ఎవరో ఆఫీసుకి లేటవుతోందని నిమిషానికొకటి దిగుతుంటే?

నిద్ర సుఖమెరగదంటారు. సుఖం ఎరగదేమో గానీ చప్పుడు మాత్రం ఎరుగుతుంది. ఈ 45 నిజమేనా, పై అంతస్తులవాళ్లకి ఎక్కువ వినిపిస్తుందా, పగలు పడుకునేవాళ్లని ఈ లెక్కల్లో ఎవరైనా పట్టించుకుంటారా? తెలిసినవాళ్లు చెప్పండి. నాకు లెక్కలంటే భయం లేదు, డ్రిప్ రేట్లు వేసుకునే చెయ్యే.

చూద్దాంలే_బాబాయ్

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి ఎయిర్ ట్యాక్సీలు తిప్పుతామన్నారు గుర్తుందా? సర్టిఫికేషన్ రాలేదు, ఒక్క ప్రయాణికుణ్ణీ ఎక్కించలేదు. ఆ ఏడాది చివరికి వాటిని తిప్పాల్సిన వోలోకాప్టర్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, దానికి ముందే లిలియం అనే ఇంకో ఎయిర్ ట్యాక్సీ కంపెనీ వేసింది. మీ పార్కింగ్ మేడ మీద మొదటిది దిగేసరికి మీరు రిటైరై హాయిగా రాత్రిపూట నిద్రపోతుంటారు తల్లీ.

డెసిబెల్_మేస్త్రి

బాబాయ్ గారూ, మీరన్నది సగం నిజం. రెండు కంపెనీలు పడిపోయాయి, మిగతావాళ్లు ఎగురుతూనే ఉన్నారు. పైగా అమెరికాలో ఇలాంటి విమానాల పైలట్లకీ, నడపడానికీ నియమాలు 2024 అక్టోబర్‌లోనే వచ్చేశాయి. అసలు మాట ఏంటంటే, స్థలం ఎంపిక ముందు జరుగుతుంది, విమానం తర్వాత వస్తుంది. సిమెంటు పోశాక చప్పుడు గురించి మాట్లాడితే ఒరిగేదేమీ ఉండదు. నేను పదిహేడేళ్లుగా చేసే పని అదే: రోడ్లు, రైళ్లు, విమానాల పక్కన మీటరు పెట్టుకుని కూర్చోవడం. నన్ను పిలిచేది ఎప్పుడూ అన్నీ కట్టేశాకే.

నర్సమ్మగారూ, మీ మూడు ప్రశ్నల్లో మొదటిది తేలిక, రెండోది మీరనుకున్నట్టు కాదు, మూడోదే అసలైంది.

ఆ 45 ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 2021లో నాసా వాళ్లూ, ఎయిర్ ట్యాక్సీలు తయారుచేసే జోబీ కంపెనీ వాళ్లూ కలిసి కాలిఫోర్నియాలో నేల మీద 50కి పైగా మైకులు పరిచి కొలిచారు, మరుసటేడు ఫలితం చెప్పారు. 500 మీటర్ల ఎత్తున, 100 నాట్ల వేగంతో, అంటే గంటకి 185 కిలోమీటర్లతో నేరుగా పోతున్నప్పుడు కింద 45.2 డెసిబెల్స్. అబద్ధం కాదు. హెలికాప్టర్‌తో పోలిస్తే గొప్ప సంగతి కూడా. అదే ప్రకటనలో రెండో అంకె ఉంది: ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ 100 మీటర్ల దూరంలో 65 లోపు. మీ ఇంటి వెనక అది 500 మీటర్ల ఎత్తున పోదు కదమ్మా, దిగుతుంది. మీకు కావాల్సిన అంకె 65. బ్రోచర్ వేసినవాళ్లకి నచ్చిన అంకె 45. ఈ రెంటికీ మధ్య 20 తేడా. 10 పెరిగితే చెవికి రెట్టింపు అనిపిస్తుంది, 20 పెరిగితే నాలుగు రెట్లు.

ఎందుకంత తేడా అంటే, పైన పోయేటప్పుడు బరువంతా రెక్క మోస్తుంది, ప్రొపెల్లర్లు తోస్తే చాలు. నిలబడి దిగేటప్పుడు బరువు మొత్తం ప్రొపెల్లర్లదే. ఎలక్ట్రిక్ కాబట్టి చప్పుడుండదు అనేవాళ్లకి ఇది అర్థం కాదు. మోటారు మూగదే కావచ్చు, గాలిని కోసే బ్లేడు మూగది కాదు. ఎలక్ట్రిక్ కారు హైవే మీద వేగంగా పోతే టైర్ల హోరు మామూలు కారులాగే వినిపిస్తుంది చూడండి, అలాంటిదే.

పై అంతస్తు సంగతి. మీరు 45 మీటర్ల ఎత్తున ఉంటారనుకుందాం. 300 మీటర్ల ఎత్తున పోయేదానికి మీరు కింద ఇంటికన్నా 45 మీటర్లు దగ్గర, అంతే. లెక్క వేస్తే డెసిబెల్‌న్నర కూడా తేడా రాదు, చెవికి పట్టదు. దూరం సగమైతేనే 6 పెరుగుతుంది. మీ సమస్య ఎత్తు కాదు, మీ వెనకగది నిశ్శబ్దం. రోడ్డు వైపు గదిలో ఎప్పుడూ 60 దాకా హోరు ఉంటుంది, దాంట్లో ఇది కలిసిపోతుంది. వెనకగదిలో దాన్ని కప్పేది ఏదీ లేదు. ఇన్నాళ్లూ మీ బిల్డింగే మీకు అడ్డుగోడ, రోడ్డు మోతని ఆపింది. పైనుంచి వచ్చేదానికి ఏ గోడ అడ్డం? నగరంలో ప్రశాంతంగా మిగిలినవన్నీ ఇలాంటి చోట్లే: వెనక వసారాలు, బిల్డింగుల మధ్య ఖాళీలు, పార్కులు. ఆకాశంలో దారి వేస్తే ముందు పోయేది వీటి నిశ్శబ్దమే. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాధ కలిగించేది అది.

ఇక మూడోది. ఒక లెక్క చూడండి. గంటకి ఒక్క హెలికాప్టర్, 80 డెసిబెల్స్, 30 సెకన్లు. గంట మొత్తానికి సగటు తీస్తే 59. ఇప్పుడు ఎయిర్ ట్యాక్సీ, 65 మాత్రమే, 20 సెకన్లు, కానీ నిమిషానికొకటి. సగటు 60. కాగితం మీద రెండూ కవలపిల్లలు. మీకు మాత్రం మొదటిదాంట్లో ఒకసారి మెలకువ వచ్చి మళ్లీ పట్టేస్తుంది. రెండోదాంట్లో పడుకోబోయిన ప్రతిసారీ ఎవరో భుజం తట్టినట్టుంటుంది.

ఇదేమీ నా ఊహ కాదు. సిడ్నీలో 1994లో మూడో రన్‌వే తెరిచినప్పుడు మ్యాపు మీద గీసిన చప్పుడు హద్దు గీతలకి బయట ఉన్న ఇళ్లవాళ్లు "మాకేం కాదన్నారు, ఇదేంటి" అని వీధికెక్కారు. వాళ్లకి సగటు చూపించారు, వాళ్లు విన్నది విమానాల్ని. ఆ తర్వాతే ఆస్ట్రేలియావాళ్లు ఎన్70 అనే కొలత వాడకంలోకి తెచ్చారు: రోజుకి ఎన్నిసార్లు 70 దాటింది అని లెక్కపెట్టడం, అంతే. అంత తేలికైన ఆలోచనకి అంత గొడవ కావాల్సి వచ్చింది.

పగలు పడుకునేవాళ్లని పట్టించుకుంటారా అన్నారు. యూరప్ వాడే సగటులో సాయంత్రం చప్పుడుకి 5, రాత్రి పదకొండు నుంచి పొద్దున ఏడు దాకా 10 డెసిబెల్స్ అదనంగా కలుపుతారు, జనం పడుకునే వేళ అని. అమెరికా లెక్కలో రాత్రి పది నుంచి ఏడు దాకా 10. పగటికి కలిపేది సున్నా. అంటే కాగితం ప్రకారం మీరు పొద్దున తొమ్మిదిన్నరకి మేలుకునే ఉంటారు. పాలవాళ్లు, పోలీసులు, ప్రెస్సువాళ్లు, సెక్యూరిటీవాళ్లు, పసిపిల్లలు అందరూ మేలుకునే ఉంటారు. ఎయిర్ ట్యాక్సీల వ్యాపారమేమో ఎక్కువగా పగలే.

నాలుగు_ఫ్యాన్లు

అక్కా, నేను డ్రోన్లు కట్టి ఎగరేస్తాను, పిచ్చి నాకు. మేస్త్రి గారు "ఎంత" అన్నది చెప్పారు, నేను "ఎలాంటిది" అన్నది చెప్తా. మా అమ్మ నా డ్రోన్ కన్నా మిక్సీయే నయం అంటుంది, మీటరు పెట్టి చూస్తే మిక్సీయే ఎక్కువ. ఆమె చెవి తప్పు కాదు.

రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నిమిషానికి 6000 చుట్లు తిరిగితే సెకనుకి 200 సార్లు గాలిని కొడుతుంది. అదొక స్వరం, దాని మీద రెట్టింపులు, మూడింతలు పేరుకుంటాయి. నాలుగు ప్రొపెల్లర్లూ ఒకే వేగంతో తిరగవు. గాలి కాస్త నెట్టగానే డ్రోన్‌లోని కంట్రోల్ బోర్డు ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గిస్తుంది, సెకనుకి వందల సార్లు. ఒకటి 200 దగ్గర, ఇంకోటి 203 దగ్గర మోగితే సెకనుకి మూడుసార్లు ఉబ్బి తగ్గే శబ్దం పుడుతుంది, శ్రుతి కుదరని రెండు తీగల్లాగా. రోడ్డు హోరుకి చెవి అలవాటు పడుతుంది. దీనికి పడదు, ఎందుకంటే క్షణానికోలా ఉంటుంది. దోమ చప్పుడు ఎన్ని డెసిబెల్స్ ఉంటుంది చెప్పండి? అయినా లేచి లైటు వెయ్యని వాడు ఉన్నాడా?

నాసాలోనే 2017లో కొందరికి డ్రోన్ల శబ్దాలూ, రోడ్డు బండ్ల శబ్దాలూ వినిపించి చూశారు. ఒకే స్థాయిలో ఉన్నా డ్రోనే ఎక్కువ చిరాకు పెట్టింది, తేడా 5.6 డెసిబెల్స్‌కి సమానం. అంటే 60 డెసిబెల్స్ డ్రోన్ 65.6 డెసిబెల్స్ కారంత చిరాకు పెడుతుంది. ఆ తేడాలో కొంత, డ్రోన్ నెమ్మదిగా పోతూ ఎక్కువసేపు వినిపించడం వల్ల కూడా కావచ్చన్నారు.

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా శివార్లలో బోనితన్ అనే చోట 2018లో డ్రోన్లతో సరుకులు ఇళ్లకి వేస్తే జనం పెద్ద గొడవ చేశారు. ఆ కంపెనీ తర్వాత చప్పుడు తగ్గించిన ప్రొపెల్లర్లతో డ్రోన్ తయారుచేసింది. కాబట్టి అరిస్తే వింటారు అక్కా, అది చెప్పడానికే ఈ కథ.

పెద్ద ఎయిర్ ట్యాక్సీ నా బొమ్మలాగా అరవదు, అది ఒప్పుకోవాలి. ప్రొపెల్లర్ పెద్దది, నెమ్మదిగా తిరుగుతుంది, బ్లేడ్లు ఎక్కువ. జోబీదానికి ఆరు ప్రొపెల్లర్లు, ఒక్కోదానికి ఐదు బ్లేడ్లు. బ్లేడు కొసన వేగం తగ్గిందంటే చప్పుడు దబ్బున పడిపోతుంది, ఇంజినీర్లందరూ పట్టుకున్న కిటుకు అదే. నా చిన్నదానికి ఆ పని చేద్దామని పెద్ద ప్రొపెల్లర్ బిగించా, ల్యాండింగ్‌లో కాళ్లకి తగిలి రెండు ముక్కలు. సరే, అది వేరే థ్రెడ్.

నైట్‌డ్యూటీ_నర్సు

ఇంత ఓపిగ్గా రాసినందుకు ఇద్దరికీ థాంక్స్. బాబాయ్ గారూ, నేను రిటైర్ కావడానికి ఇంకా పంతొమ్మిదేళ్లుంది.

ఈ నాలుగు రోజులూ పడుకునేముందు ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూశాను. రోడ్డు వైపు బాల్కనీలో 61, 63. వెనకగది కిటికీ తీసి, ఫోన్ గట్టు మీద పెడితే 44, ఒకరోజు 43. ఆ తేడా అంకెల్లో చూసేసరికి ఆశ్చర్యమేసింది, ఇన్నాళ్లూ ఒంటితోనే తెలిసేది. మ్యాపు మీద కొలిస్తే పార్కింగ్ మేడ పైకప్పు నడిమధ్య నుంచి నా కిటికీకి 90 మీటర్లు. యూట్యూబ్‌లో ఎగిరే వీడియోలు కూడా చూశా, నిజంగానే చప్పుడు చాలా తక్కువ అనిపించింది. మరి వాటిని నమ్మొచ్చా?

డెసిబెల్_మేస్త్రి

వీడియోని నమ్మకండి. ఫోన్లూ కెమెరాలూ పెద్ద శబ్దాన్ని వాటంతటవే తగ్గించి, చిన్నదాన్ని పెంచి రికార్డు చేస్తాయి. అదీగాక మీరు వినేది మీ స్పీకర్ ఎంత పెట్టారో అంత. మీ యాప్ అంకెల్ని కూడా నాలుగైదు అటూ ఇటూ అనుకోండి. నా మీటర్‌కి ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు చిన్న డబ్బాలాంటి కాలిబ్రేటర్ తొడుగుతాను. అది కూ అని ఒకే స్వరం పలుకుతుంది, 1000 హెర్ట్జ్, 94 డెసిబెల్స్. మీటర్ 94 చూపిస్తేనే ఆ రోజు కొలత కొలత. అయినా ముందుకీ వెనక్కీ ఉన్న తేడాకి మాత్రం మీ ఫోన్ చాలు, ఎందుకంటే రెండుచోట్లా అబద్ధమాడితే ఒకేలా ఆడుతుంది.

90 మీటర్లంటే ఆ 65 కాస్తా 66 అవుతుంది. కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేసరికి 10 నుంచి 15 తగ్గుతుంది: 51 నుంచి 56. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 మార్గదర్శకాల్లో పడగ్గదిలో రాత్రిపూట ఒక్కో చప్పుడు 45 దాటకూడదని ఉంది. మంచి కిటికీ బిగించి మూస్తే 25 దాకా తగ్గుతుంది, 41కి వస్తారు. అంటే గాలి కావాలో నిద్ర కావాలో తేల్చుకోమని మిమ్మల్ని అడుగుతున్నట్టు. అదే సంస్థ 2018లో సగటులకి కూడా హద్దులిచ్చింది: రోడ్డు 53, రైలు 54, విమానం 45. ఒకే మనిషి చెవికి మూడు హద్దులు చూడండి. పైనుంచి వచ్చేదాన్ని జనం అంత తక్కువ సహిస్తారు.

విమానాల విషయంలో ఇది ఇంకా గట్టిపడుతోంది. అమెరికాలో 1978లో వేసి 1992లో సవరించిన లెక్క ప్రకారం సగటు 65 ఉన్నచోట బాగా విసిగిపోయినవాళ్లు వందకి పన్నెండు మంది. 20 విమానాశ్రయాల చుట్టూ పదివేల మందికి పైగా అడిగి 2021లో బయటపెట్టిన సర్వేలో అది అరవై దాటింది. ఈ మధ్యకాలంలో ఒక్కో విమానం చప్పుడు తగ్గింది, పెరగలేదు. తిరిగే సంఖ్య పెరిగింది. కారణం అదొక్కటే అని నేను ప్రమాణం చెయ్యను గానీ, ఎయిర్ ట్యాక్సీవాళ్లు "ఒక్కోటి ఎంత నిశ్శబ్దమో చూడండి" అన్నప్పుడల్లా నాకు ఆ సర్వే గుర్తొస్తుంది.

మాస్టర్‌ప్లాన్_గుమాస్తా

నేను నగర ప్రణాళిక వైపు పని చేస్తా, పేరు చెప్పను. మేడమ్, దీని మీద మీటింగ్ పెడితే అందులో "చప్పుడు వస్తుందా" అని అడక్కండి. "రాదు" అనేస్తారు, మినిట్స్‌లో ఎక్కుతుంది, అయిపోతుంది. సంఖ్యలు అడగండి. గంటకి గరిష్ఠంగా ఎన్ని? ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా? ఏ దిక్కు నుంచి దిగుతాయి? లండన్‌లో బ్యాటర్సీ హెలిపోర్ట్‌కి ఏడాదికి 12,000 రాకపోకలని హద్దు ఉంది, 1959 నుంచి నడుస్తున్న చోటు అది. హద్దు అనేది అనుమతి కాగితంలో రాస్తేనే హద్దు, నోటిమాట అయితే మొదటి ఏడాదితోనే సరి. ఇంకోటి, దిగే దారిని రోడ్డు మీదుగా లేదా రైలు పట్టాల మీదుగా వెయ్యమంటే చాలాచోట్ల వీలవుతుంది. అక్కడ ఎలాగూ హోరు ఉంది.

చూద్దాంలే_బాబాయ్

మరి రోడ్డు పక్కన ఇళ్లవాళ్లు ఏం పాపం చేశారండీ? ఉన్న మోత చాలదా వాళ్లకి?

మాస్టర్‌ప్లాన్_గుమాస్తా

దానికి నా దగ్గర జవాబు లేదు బాబాయ్ గారూ. ఎటు తిప్పినా ఎవరో ఒకరి నెత్తి మీంచే.

డెసిబెల్_మేస్త్రి

ఒక్క మాట కలుపుతాను. ఎన్70 అడిగితే సున్నా చూపించి చేతులు దులుపుకుంటారు, ఎందుకంటే ఇవి 70 దాటకపోవచ్చు. ఎన్60 అడగండి, ఎన్55 కూడా అడగండి, గంటగంటకీ విడివిడిగా. తొమ్మిదిన్నర నుంచి మూడు దాకా ఎన్నిసార్లు అన్నది ఆ పట్టికలోనే బయటపడుతుంది. కట్టకముందు కొలత కూడా ఇప్పుడే చేయించండి, వెనకవైపు. రోడ్డు వైపు మీటరు పెట్టి "ఇక్కడ ఇప్పటికే 62 ఉంది కదా" అనడం మా వృత్తిలో పాత విద్య. నేనూ ఒకసారి అలా పెట్టమంటే పెట్టినవాణ్ణే.

నైట్‌డ్యూటీ_నర్సు

అనుమతి ఇచ్చేవాళ్లకి ఉత్తరం రాసేశాను. "మా బిల్డింగ్ వెనకవైపు, పద్నాలుగో అంతస్తు కిటికీ దగ్గర ముందు కొలవండి. పొద్దున 9:30 నుంచి 3 దాకా గంటకి ఎన్నిసార్లు 55 దాటుతుందో, ఎన్నిసార్లు 60 దాటుతుందో రాసివ్వండి. రోజుకి ఎన్ని దిగుతాయో హద్దు అనుమతిలోనే పెట్టండి." ఈ మూడే. బాబాయ్ గారి ప్రశ్న కూడా చివర్న చేర్చాను, రోడ్డువైపు ఫ్లాట్లవాళ్లని కూడా అడగమని.

గ్రూపులో పెడితే మొదట ఎవరూ పలకలేదు. సాయంత్రానికి మూడో అంతస్తు సెక్యూరిటీ సూపర్‌వైజర్ గారి భార్య ఫోన్ చేసి, "మా ఆయన కూడా పగలే పడుకుంటాడమ్మా, మా సంతకం కూడా పెట్టు" అంది. ఏడో అంతస్తులో నెల బిడ్డ ఉన్నావిడ సంతకం పెట్టి కింద "మాకు పగలూ రాత్రీ తేడా లేదు" అని రాసింది. పదకొండు సంతకాలయ్యాయి. ఎనిమిదింటికి డ్యూటీ ఎక్కాలి, మిగతా అంతస్తులు రేపు నిద్ర లేచాక.